రెండు చోట్ల ఉన్న చిలక

ఆ మంగళవారం పొద్దున అమరచింత బస్సులో కిటికీ పక్కన సీటు దొరకగానే స్రవంతి రోజంతటికీ పథకం వేసుకుంది. పదింటికి గద్వాలలో దిగాలి. పదకొండుకల్లా చీర అంచు బొమ్మలో చిలకలు తీసి మామిడి పిందెలు పెట్టాలి. నాలుగింటికి ఆ బొమ్మను కొల్లాపూర్‌కు పంపాలి. నాలుగున్నర బస్సెక్కి ఇంటికి వెళ్లి, అమ్మ నానబెట్టిన పప్పుతో గారెలు వేయాలి. ఇందులో భయపడాల్సినది ఏమీ లేదు. అయినా జూరాల దాటేటప్పుడు ఆమె ఆ పథకాన్ని మళ్లీ మొదటి నుంచీ లెక్కపెట్టుకుంది. ఏ పనికైనా ఆమె కంటే ముందే భయం వెళ్లి కుర్చీలో కూర్చోవడం అలవాటే.

చేనేత సంఘంలో ఆమెది కంప్యూటర్ పని. చేరి మూడు నెలలయింది. అంచుల బొమ్మలను గళ్లలో నింపి దాచే ప్రోగ్రాం ఒకటి ఆమే జావాలో రాసింది. ఒక్కో అడ్డ వరుసలోని గళ్లన్నీ కలిపి ఒక లిస్టు. అలాంటి వరుసలు నలభై ఎనిమిదీ కలిపి మళ్లీ ఒక పెద్ద లిస్టు. అదే ఒక అంచు. కరెంటు పోయినప్పుడు పని పోకుండా, పది నిమిషాలకోసారి ప్రోగ్రాం తనంతట తనే అన్నిటినీ కంప్యూటర్‌లోనూ, పక్కన గుచ్చిన పెన్‌డ్రైవ్‌లోనూ దాచుకుంటుంది. చేసిన తప్పును వెనక్కి తిప్పే మీట ఒకటి రాయాలని కూడా ఆమె మూడు నెలలుగా అనుకుంటూనే ఉంది.

సంఘం కార్యదర్శి జోగయ్య. అరవై దగ్గర పడిన పొడుగాటి మనిషి. మాట తక్కువ. ఎనిమిది నెలల కిందట ఆయన భార్య అలివేలు చనిపోయాక ఆ తక్కువ కూడా తగ్గింది. పోయే ముందు అలివేలు గళ్ల కాగితం మీద ఒక అంచు గీసింది. పైన గుడి గోపురాల్లాంటి కోటకొమ్మలు, కింద జంట చిలకలు. ఆ అంచుతో నేసింది ఒక్కటే చీర. అది ఆమెతోనే పోయింది.

స్రవంతి చేరిన మొదటి వారంలోనే జోగయ్య ఆ కాగితం తెచ్చి, ఆమె చివరి గడి నింపేదాకా కుర్చీ వెనక నిలబడి, మళ్లీ మడిచి ఇంటికి తీసుకెళ్లాడు. వెళ్తూ ఒక్క మాట అన్నాడు.

"ఇప్పుడు రెండు జాగల ఉన్నది. ఇంట్ల కాయితం, ఈడ కంప్యూటర్. ఎవల ఫోన్లకూ పోవద్దు. జర పైలం."

అరిచి చెప్పి ఉంటే ఆమె మరిచిపోయేదేమో. ఆయన మెల్లగా చెప్పాడు. అందుకే అప్పటినుంచి ఆ అంచు తెరిచే ముందు ఆమె రెండు చేతులూ చున్నీకి తుడుచుకుంటుంది.

కొల్లాపూర్‌లో మామిడి తోటలున్న ఉమారాణి అనే ఆమె పోయిన వారం సంఘానికి వచ్చి, తెర మీద ఆ అంచు చూసి ముచ్చటపడింది. గోపురాలు ఉంచి, చిలకల స్థానంలో పిందెలు పెట్టి నేసివ్వమంది. జోగయ్య చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. "చిలకలే కావాలంటే ఇయ్యకపోతుంటి. పిందెలంటుంది గద, పెట్టియ్యి. అలివేలుది మాత్రం ఉన్నదున్నట్టు ఉండాలె" అన్నాడు.

ఆ మంగళవారం ఆఫీసుకు రాగానే స్రవంతి కుర్చీలో కూర్చుంది. కొత్త అంచుకు ‘మామిడి’ అని పేరు రాసి, పక్కన సమానం గుర్తు పెట్టి, ‘అలివేలు’ అని రాసింది. చూసినవాళ్లెవరైనా అలివేలు అంచు లాంటిదే ఇంకొకటి తయారైందనే అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుని, మామిడిలో చిలకలను చెరిపి పిందెలు పెట్టింది. పిందెలు బాగా కుదిరాయి. ఊరికే చూద్దామని అలివేలు తెరిచింది.

అక్కడా పిందెలే ఉన్నాయి.

గోడ అవతల జోగయ్య ఎవరితోనో నూలు సంగతి మాట్లాడుతున్నాడు. పది నిమిషాలు కావడానికి ఎంతసేపుందో ఆమెకు తెలియదు. బల్ల కిందికి దూరి, కంప్యూటర్ వైరును గోడలోంచి పీకేసింది. మళ్లీ పెట్టి తెరిచేదాకా ఊపిరి బిగబట్టింది. చిలకలు బతికే ఉన్నాయి.

ఆమె వరండాలోకి వెళ్లి రోజాకు ఫోన్ చేసింది. రోజా ఆమెతో చదువుకున్న పిల్ల. నాగర్‌కర్నూల్‌లో పిల్లలకు జావా నేర్పుతుంది.

"ఏందే, పొద్దుగాల్నే ఏడుపు గొంతు?"

"ఏడుస్తలేను. ఒక లిస్టుకు ఇంకోటి సమానం అని రాసినే. రెండోదాంట్ల మారిస్తే మొదటిది గూడ మారింది."

"మారదా మరి! కొత్తది ఏడ చేసినవ్? ఉన్న ఒక్కదానికే రెండో పేరు పెట్టినవ్. మా తమ్మున్ని ఇంట్ల చిన్నోడంటం, బడిల శ్రీనాథ్ అంటరు. చిన్నోనికి గుండు గీయిస్తే శ్రీనాథ్‌కు జుట్టుంటదానే?"

"మరి ఏం జెయ్యాలె?"

"న్యూ అని రాసి కన్‌స్ట్రక్టర్‌ను పిలువాలె. అప్పుడే కొత్త లిస్టు పుడతది. బ్రాకెట్ల పాతదాని పేరియ్యి, దాంట్ల ఉన్నయన్ని ఎక్కించుకోని పుడతది. గిది మొదటి వారంల పాఠం గదనే!"

"ఆ వారం నాకు జరం."

అంతలో రోజాకు క్లాసు వేళయింది. తన లిస్టులో ఉన్నవి మామూలు మాటలు కావని, లోపలి ఒక్కో వరుసా మళ్లీ ఒక లిస్టేనని స్రవంతి చెప్పలేదు. రోజా అడగలేదు.

స్రవంతి లోపలికొచ్చి న్యూ అని రాసి, బ్రాకెట్లో అలివేలు పేరు ఇచ్చింది. ఈసారి గుడ్డిగా నమ్మలేదు. మామిడిలోంచి మొదటి వరుసను తీసేసి చూసింది. మామిడిలో నలభై ఏడు, అలివేలులో నలభై ఎనిమిది. రెండూ వేరే అన్నమాట. తీసినదాన్ని మళ్లీ పెట్టి, రెండు చేతులూ చున్నీకి తుడుచుకుని, చిలకల మీద పిందెలు దిద్దింది.

"మేడం, చాయ్ సల్లగయితుంది" అన్నాడు బాలన్న. ఆఫీసు తాళాలు తీయడం నుంచి నూలు కట్టలు తూయడం దాకా సంఘంలో పైపనులన్నీ ఆయనవే. స్రవంతి పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరిని చాయ్ గ్లాసులోకి వదిలింది. సావకాశంగా తాగింది. బాలన్న మనవరాలి పళ్ల సంగతి కూడా విన్నది. అందుకు పది నిమిషాలకు మించే పట్టింది.

తిరిగొచ్చి, చివరిసారిగా అలివేలు తెరిచింది. చిలకలు లేవు. జంటలు జంటలుగా మామిడి పిందెలు వేలాడుతున్నాయి. అప్పటికే ప్రోగ్రాం అన్నిటినీ దాచేసింది. పెన్‌డ్రైవ్ తెరిచింది. అక్కడా పిందెలే. రెండు చోట్ల ఉండాలన్న కార్యదర్శి ఆజ్ఞను ప్రోగ్రాం అక్షరాలా పాటించింది.

ఒక మనిషి పోయాక మిగిలినదాన్ని తుడిచేయడానికి ఒక్క చాయ్ చాలునని స్రవంతికి ఆ క్షణందాకా తెలియదు. రోజాకు చేసింది. ఎత్తలేదు. చిలకను గుర్తు తెచ్చుకుని దిద్దబోయింది. అప్పట్లో ఆమె గళ్లు నింపిందే తప్ప పక్షిని చూడలేదు. చూసే ధైర్యం ఎక్కడిది, వెనక ఆయన నిలబడి ఉంటే?

ఇక ఉన్నది ఒకే దారి, ఇంట్లో ఉన్న కాగితం. అది తెప్పించుకుని చిలకను మళ్లీ ఎక్కిస్తే, ఇదంతా జరిగినట్టు ఎవరికీ తెలియదు. ఆమె లేచి, తలుపు దగ్గర రెండుసార్లు ఆగి, జోగయ్య ముందుకు వెళ్లింది. ఆయన పట్టుదారపు చిలపలు వేరు చేస్తున్నాడు.

"సార్, అలివేలమ్మ కాయితం ఒక్కపారి కావాలె."

ఆయన చెయ్యి పట్టు మీద ఆగిపోయింది. "ఎందుకు?"

"కొలత సార్. చిలక కాడ ఒక కొలత సరిచూడాలె."

"కంప్యూటర్ల ఉన్నది గద."

"ఉన్నది సార్." జీవితంలో ఆమె ఆడిన అబద్ధాల్లో అది అతి చిన్నది, అతి బరువైనది. "ఉన్నది గని, కాయితంతోని కలిపి చూస్తే మంచిగుంటది."

జోగయ్య ఆమె వైపు చూడలేదు. పట్టు వైపూ చూడలేదు. "కాయితం ఇంట్ల పైలంగనే ఉన్నది" అన్నాడు. అది పైలంగా ఉందా అని ఎవరూ అడగలేదు. కానీ ఆ సంగతి గమనించే స్థితిలో స్రవంతి లేదు. ఆయన లేచి చెప్పులేసుకుని స్కూటర్ తీశాడు. మధ్యాహ్నం తినాల్సిన డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

ఒంటిగంటయింది. ఆయన రాలేదు. బజారుకు వెళ్లిన బాలన్న మాత్రం వచ్చాడు.

"మేడం, సార్‌ను పోలీస్ ఠాణా కాడ చూసిన. స్కూటర్ ఆపి నిలబడ్డడు. మొఖం గంటు పెట్టుకున్నడు. పిలిస్తే గూడ పలుకలే."

"ఠాణా కాడనా? ఎందుకు?"

"నాకేం తెల్సు? పోయినేడు మనయి పట్టు కండెలు ఒక పెట్టెడు పోతే గూడ ఠాణా మెట్టు ఎక్కలే ఆయన. మరి ఈపారి ఇంకేం పోయిందో."

స్రవంతి బల్ల అంచు పట్టుకుంది. ఆయనకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో తెలియదు గానీ తెలిసిపోయింది. చిలకను చెరిపితే ఏ కేసు పెడతారో ఆమెకు తెలియదు. అది తెలియకపోవడమే ఎక్కువ భయంగా ఉంది. రోజాకు ఇంకో మూడుసార్లు చేసింది. తర్వాత తెల్లకాగితం తీసుకుని రాజీనామా రాయడం మొదలుపెట్టింది. కారణం రాయాల్సిన చోట ‘చిలక’ అని రాసి కొట్టేసింది. ‘సొంత కారణాలు’ అని రాసింది. అదీ అబద్ధమే అనిపించి కాగితం చింపేసింది.

"మేడం, తినకపోతిరి?" అన్నాడు బాలన్న.

"ఆకలి లేదన్నా."

"సార్ గూడ తినకపాయె. ఇయ్యాల ఏమన్న ఒక్కపొద్దా?"

మూడింటికి స్కూటర్ చప్పుడైంది. ఆయన వెంట పోలీసులు లేరు. జోగయ్య నేరుగా ఆమె గదిలోకి వచ్చి, చొక్కా జేబులోంచి ఒక మడత తీసి బల్ల మీద పెట్టాడు. అరచెయ్యంత గళ్ల కాగితం. అంచులు చినిగి ఉన్నాయి. అక్కడక్కడ పసుపు, ఒక పక్క చాయ్ మరక.

"చెదలు పట్టింది. చిలక ముక్క ఒక్కటే మిగిలింది" అన్నాడు.

స్రవంతి మడత విప్పింది. కాగితం మీద ఒక పక్షి ఉంది. అది చిలక అని ముందే చెప్పి ఉండకపోతే ఆమె అలా అనుకునేది కాదు. పొట్ట గుండ్రంగా ఉంది. తోక పొట్టిది. తల మీద మూడు గళ్లు పైకి లేచి జుట్టులాగా ఉన్నాయి. కాళ్లు మాత్రం చాలా బలంగా ఉన్నాయి.

ఆమె పక్షిని చూస్తుంటే ఆయన ఆమెను చూస్తున్నాడు.

"మంచిగున్నదా?" అని అడిగాడు. మూడు నెలల్లో ఆయన ఎవరినీ ఏదీ అలా అడగడం ఆమె వినలేదు.

"మంచిగున్నది సార్. అమ్మ చేతి మహిమ."

"ఊఁ" అన్నాడు. ఆయన మెడ మీద చెమట దిగుతోంది.

చనిపోయిన మనిషి గీసినదాన్ని బాగాలేదని ఎవరంటారు? పైగా, తన జ్ఞాపకాన్ని నమ్మే హక్కు పొద్దునే పోయిందని స్రవంతి అనుకుంది. పొద్దుటి నుంచీ మూయకుండా తెరిచే ఉన్న ప్రోగ్రాంలో, అలివేలు అంచులోని పిందెలను చెరిపి, కాగితం చూస్తూ ఆ పక్షిని గడి గడిగా ఎక్కించింది. కాగితం పట్టుకున్న వేలికి నీలం సిరా అంటింది. తడి తగిలిందేమో అనుకుంది. జోగయ్య ఆ వేలు చూసి, తన కుడిచెయ్యిని జేబులో పెట్టుకున్నాడు. తెర మీద గోపురాల కింద వరసగా పక్షులు నిలబడ్డాయి. ఏదో గింజల కోసం వచ్చినట్టు నిలబడ్డాయి.

"అయిపోయింది సార్. కొలత సరిపోయింది."

"సరిపోయింది గద" అన్నాడాయన. ఇద్దరూ తెర వైపు చూడకుండా తలలూపారు.

నాలుగైంది. పొద్దుటి పథకంలో మిగిలిన ఒకే ఒక్క పని అది. మామిడి అంచును తాను పొద్దునే కళ్లారా చూసింది కనుక మళ్లీ తెరవలేదు. పేరు చూసి, మీట నొక్కి కొల్లాపూర్‌కు పంపేసింది.

పది నిమిషాల్లో జోగయ్య ఫోన్ మోగింది. ఆయనకు చెవి కొంచెం మందం. అందుకని అందరికీ వినిపించేలా పెట్టి మాట్లాడతాడు. ఆ సమయానికి పట్టు కండెల కోసం వచ్చిన జములమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. సంఘంలో అందరికంటే పెద్ద నేతగత్తె, అలివేలుకు అక్క వరస. కార్యదర్శికి భయపడని మనిషి సంఘంలో ఆమె ఒక్కతే.

"నమస్తే సార్, నేను కొల్లాపూర్ ఉమారాణిని. బొమ్మ అందింది. సార్, మాది మామిడి తోట. కోళ్ల ఫారం గాదు."

"అర్థం కాలేదమ్మా."

"పిందెలు పెట్టుమంటిని గద సార్. వరసగ కోడిపెట్టలు నిలబెట్టిన్రు. ఇవి గుడ్లు ఎప్పుడు పెడతయని అడుగుతుంది మా అత్త."

జోగయ్య గొంతు సవరించుకున్నాడు.

"అవి కోళ్లు గావమ్మా, చిలకలు."

"చిలకలా! ఇంటిల్లిపాది చూసినం సార్. చిలకకు గంత తొడ ఉంటదా?"

"మల్ల పంపుతమమ్మా" అని ఆయన ఫోన్ కట్టేశాడు.

స్రవంతి మామిడి తెరిచింది. కోళ్లు. పొద్దున తాను పెట్టిన పిందెలు లేవు. అలివేలులో పక్షి పెడితే మామిడిలోకి ఎలా వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. ఈ రోజు తాను ఏది ముట్టుకుంటే అదే ఇంకోటి అవుతోంది.

జములమ్మ లేచి వచ్చి తెర మీదకు వంగింది. "ఏదీ, చూడనియ్ బిడ్డా. ఓ యమ్మా! ఈ పెట్టలను ఎవలు గీసిన్రు?"

"అలివేలమ్మ" అంది స్రవంతి, నేల చూస్తూ.

"అలివేలా? నా చెల్లెకు కోడి గీసుడు రానే రాదు. ఎవలో సాదుకున్న కోడి ఇది."

ఇంక దాచడానికి స్రవంతి దగ్గర ఏమీ మిగల్లేదు. "తప్పు నాదే సార్. అమ్మ చిలకలు పోయినయ్. పొద్దున పదకొండింటికే పోయినయ్. పిందెలు పెడితే వాటిమీద పడ్డయ్, పెన్‌డ్రైవ్‌ల గూడ పడ్డయ్. కొలత అని అబద్ధం చెప్పిన. నన్ను ఏమన్నా అనుండ్రి. ఠాణాకు మాత్రం పంపకుండ్రి సార్. మా అమ్మ తట్టుకోలేదు."

అని కళ్లు మూసుకుంది. అరుపు రాలేదు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు వచ్చింది. కళ్లు తెరిస్తే, జోగయ్య ఆమె కుర్చీలో కూలబడి ఉన్నాడు.

"పదకొండింటికా?" అన్నాడు.

"అవును సార్."

"అయితే నాకంటె రెండు నెలలు ఎనక నువ్వు."

ఆయన జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. చూపుడువేలికి నీలం సిరా.

"బోనాలకు మా చెల్లె జయశ్రీ వచ్చింది. అన్న ఒక్కడే ఉన్నడని ఇల్లంత సదిరింది. గళ్ల కాయితం సక్కగున్నదని కత్తెరతోని కోసి, వంటింటి అల్మారల డబ్బాల కింద పరిచింది. నేను చూసేటాల్లకు చిలక ఉప్పు డబ్బా కిందికి వచ్చింది. ఉప్పు నీరు దిగి కరిగిపోయింది." సిరా వేలు చూసుకున్నాడు. "ఎవలకు చెప్పలే. నువ్వు అడుగుతవేమోనని రోజూ భయమే. కంప్యూటర్ల ఉన్నది గద అని ధైర్యం తెచ్చుకునేటోన్ని."

"నేను కాయితం ఉన్నది గద అని తెచ్చుకున్న సార్" అంది స్రవంతి.

రెండు చోట్ల ఉందనుకున్న చిలక రెండు చోట్లా లేదు.

"మరి ఠాణా?"

"ఠాణా పక్కన బుక్కుల దుకాణం. గళ్ల కాయితం కొన్న."

"మొఖం గంటు పెట్టుకున్నరని బాలన్న…"

"చిలక ఎట్లుండెనో యాది చేసుకుంటున్న." జోగయ్య ఆ సిరా వేలిని బొటనవేలితో రుద్దుకున్నాడు. "ముప్పై రెండేండ్లు పక్కన కూసున్న. తోక ఎటు తిరిగి ఉండెనో చూడలే."

బాలన్న గుమ్మంలో చాయ్ గ్లాసులు పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డాడు.

అంతలో స్రవంతి ఫోన్ మోగింది. రోజా. స్రవంతి సంగతి చెప్తుంటే సగంలోనే అందుకుంది.

"లోపల వరుసలు గూడ లిస్టులేనా? ఆ ముక్క పొద్దున చెప్పొద్దానే! నువ్వు చేసిన లిస్టు కొత్తదే, లోపల వరుసలు పాతయే. కొత్త పుస్తకం కొని దాంట్ల పాత ఫోన్ నంబర్లు ఎక్కించినట్టు. ఒక పేరు కొట్టేస్తే ఆ పుస్తకంలనే పోతది, నిజమే. గని నంబరు రెండు పుస్తకాలల్ల ఉన్నా మనిషి ఒక్కడే. గుండు గీయించుకున్నోడు మల్ల మా శ్రీనాథే!"

"మరి?"

"పైదానికి ఒక న్యూ చాలదు. ఒక్కో వరుసకు ఒక్కో న్యూ. నలభై ఎనిమిదింటికీ కన్‌స్ట్రక్టర్‌ను పిలువు."

ఫోన్లో మాట గదంతా వినిపించింది. జములమ్మ మూతి తిప్పింది. "గింతేనా? గిది మాకు తెల్వదా? కొత్త చీరకు కొత్త పడుగు తొడగాలె. ఒక్క మగ్గానికి రెండు పేర్లు పెడితే రెండు చీరలు వస్తయా?" తర్వాత జోగయ్య వైపు తిరిగింది. "నువ్వేంది మరిదీ గట్ల కూసున్నవ్? లే, ఆ పిల్లకు కుర్సీ ఇడువు."

జోగయ్య లేచాడు.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ పోగు పోగుకూ ముడేస్తూ ఒకే మగ్గం మీద నేయాలి. ఆ పని ఒక్కరి చేతుల మీద సాగదు. మగ్గానికి అటొకరు, ఇటొకరు కూర్చుని, అంచు దారాన్ని అటూ ఇటూ నడిపే నాడెను అందుకోవాలి. అలివేలు చీర నేసినప్పుడు ఇటు కూర్చున్నది జములమ్మ.

"నీ దాంట్ల గళ్లు తెర్వు బిడ్డా" అంది. బల్ల ముందు పీట వేయించుకుని, కళ్లు మూసుకుని, పది వేళ్లూ బల్ల అంచు మీద పెట్టింది. వేళ్లు వాటంతట అవే కదలసాగాయి. "కింది నుంచి రా. మూడు ఎత్తు, ఒకటి ఇడువు. మల్ల రెండు ఎత్తు. ఆగు, ఈడ నాడె తిరుగుతది. ఇప్పుడు ఐదు…"

స్రవంతి నింపుతూ పోయింది. ఒక్కోసారి జములమ్మ నోరు తప్పు చెప్పేది, వేళ్లు ఆగిపోయేవి. అప్పుడు నోటిని తిట్టుకుని, వేళ్లు చెప్పింది చెప్పేది. జోగయ్య ఎప్పటిలాగే కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆయన తెర వైపు చూడటం లేదు, ఆ వేళ్ల వైపు చూస్తున్నాడు. పొట్ట వచ్చింది, మెడ వచ్చింది, వంకర ముక్కు వచ్చింది.

"తోక పైకి" అంది జములమ్మ.

"పైకి ఉండెనా ఒదినా?"

"కాయితం మీద కిందికే గీసింది. గట్ల నేస్తే కింది పోగు తెగుతదని నా దిక్కు నేనే పైకి తిప్పిన. చూసి నవ్వింది. ‘అక్కా, నీ దిక్కు చిలకకు జర పొగరెక్కువ’ అన్నది. మల్ల తన దిక్కు గూడ గట్లనే తిప్పుకున్నది. కాయితానికేం తెల్సు?"

తెర మీద చిలక తోక ఎత్తి నిలబడింది. జోగయ్య చాలాసేపు చూశాడు. "అవును, గిదే" అన్నాడు. తర్వాత బయటికి వెళ్లి, స్కూటర్ సీటు తుడిచి వచ్చాడు. ఆ సీటు మీద దుమ్ము లేదు.

స్రవంతి ఈసారి పైన ఒక న్యూ, లోపల వరుస వరుసకూ ఒక న్యూ పెట్టి మామిడి అంచును మళ్లీ పుట్టించింది. పిందెలు పెట్టింది. అలివేలు తెరిచింది. చిలక కదల్లేదు. మూసి తెరిచింది. కదల్లేదు. మూడోసారి బాలన్నను పిలిచి తెరిపించింది.

"చిలకనే మేడం. తొడలు గూడ సన్నగనే ఉన్నయ్" అన్నాడు బాలన్న.

నాలుగున్నర బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. పిందెల బొమ్మ కొల్లాపూర్‌కు చేరిన కాసేపటికి ఉమారాణి మళ్లీ ఫోన్ చేసింది. పిందెలు తనకు బాగా నచ్చాయట. కానీ అత్తగారు మధ్యాహ్నం నుంచీ ఆ కోళ్ల బొమ్మనే చూస్తూ కూర్చుందట. ఆమెకు వాటితో ఒక చీర కావాలట. తొడలు మాత్రం తగ్గించవద్దందట.

జోగయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ పెట్టేసి, బల్ల మీది పసుపు మరకల ముక్కను తీసి స్రవంతి ముందు పెట్టాడు.

ఆమె కొత్త అంచుకు ‘జోగయ్య’ అని పేరు రాసి, సమానం గుర్తు పక్కన ఈసారి మరిచిపోకుండా న్యూ అని రాసింది. తర్వాత పొద్దుటి నుంచీ గొంతులో ఉన్న మాట అడిగింది.

"సార్, నేను రేపు రావాల్నా?"

"రాకపోతే కోళ్లను ఎవలు మేపుతరు?" అన్నాడాయన.

అలివేలు చిలక ఇప్పుడు కంప్యూటర్‌లో ఉంది, పెన్‌డ్రైవ్‌లో ఉంది, జములమ్మ వేళ్లలో ఉంది. మొదటి రెండింటినీ స్రవంతి రోజూ తెరిచి చూసుకుంటోంది. గురువారం మూడోదానికి నాలుగు తుమ్ములు వస్తే, కార్యదర్శి స్కూటర్ మీద ఎక్కించుకుని దవాఖానకు తీసుకెళ్లాడు.